కాశీయాత్ర చరిత్రకర్త ఏనుగుల వీరాస్వామయ్య

చెన్నపట్నాన్ని కలకత్తాతో కలిపే పెద్దబాట నక్కపల్లి మీదుగా పోతుంది. ఒక వంక తూర్పు కనుమల గుట్టలు, మరొక వంక సముద్రతీరం, చేరువలోనే ఉపమాక వేంకటేశ్వరుని కొండ. నేడు ఈ బాటమీద నిముషానికొక వాహనం పరుగెత్తుతున్నది. రైలుమార్గాలు లేని రోజులలో ఈ తీరసీమ వెంబడి, పల్లకీలో, కాశీ సేవించి ఇంటికి మరలిన ఒక తెలుగు యాత్రికుని జీవితం విద్యార్థులు తప్పక తెలుసుకోదగినది. వారే ఏనుగుల వీరాస్వామయ్యగారు.

వీరాస్వామయ్యగారు సుమారు 1780లో జన్మించినారు. బాల్యంలోనే తండ్రిని పోగొట్టుకొన్నారు. అండ లేని ఆ బాలుడు స్వయంకృషితో ఇంగ్లీషు నేర్చి, చిన్న కొలువులతో ఆరంభించి, క్రమంగా చెన్నపట్నపు సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసి పదవిని అందుకొన్నారు. ఒకరి మాటను మరొకరికి తెలియునట్లు, హెచ్చుతగ్గులు లేకుండా చెప్పడమే దుబాసి ధర్మం. సాక్షి మాటను న్యాయాధిపతికి చేర్చిన ఆ నిష్ఠతోనే, తరువాత దేశం మాటను వారు తెలుగువారికి చేర్చినారు.

1830 మే 18వ తేదీన వారు కాశీయాత్రకు బయలుదేరినారు. కుటుంబంవారు, పరిజనం, బోయీలు కలిసి సుమారు నూరుమంది వెంట నడిచినారు. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపురం, జబల్పూరు మీదుగా ప్రయాగ చేరి, కాశీ, గయ సేవించి, కలకత్తా, జగన్నాథం చూచి, కళింగసీమ మీదుగా దక్షిణానికి మరలినారు. శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాలు గడచి, గోదావరీ కృష్ణలను దాటి, నెల్లూరు మార్గాన 1831 సెప్టెంబరు 3వ తేదీన స్వగృహం ప్రవేశించినారు. మొత్తం పదిహేను మాసాల పైచిలుకు.

ఆ దినాలలో కాశీకి పోవడం కాటికి పోవడంతో సమానమని జనులు తలచేవారు. అందుచేత క్షేమంగా తిరిగి వచ్చినవారు సంతర్పణలు చేసి, గంగాజలం పంచి, జన్మ తరించినదని తృప్తిపడేవారు. వీరాస్వామయ్యగారి చేతిలో గంగాజలంతోపాటు వ్రాతప్రతులు కూడా ఉన్నవి. దారి పొడుగునా, మిత్రులైన కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెగారికోసం, వారు చూచిన ప్రతి విషయాన్నీ వ్రాస్తూ వచ్చినారు. ఏ ఊరికి ఏ ఊరు ఎంత దూరం, మంచినీరు ఎక్కడ దొరుకును, దిగడానికి నీడ ఉన్నదా, అంగళ్లలో ఏ సరకులు లభించును, ఏ వాగు ఎట్లు దాటవలెను అనే విషయాలు వారి దృష్టిలో అల్పమైనవి కావు. రేపు బిడ్డలతో, వృద్ధులైన తల్లిదండ్రులతో అదే దారిన పోయే గృహస్థుకు నూతి జాడ తెలియడం ఎంత మేలో వారు ఎరుగుదురు.

అంతమాత్రంతో వారు తృప్తిపడలేదు. శ్రీశైలంలో యాత్రికులనుండి కందనూరు నవాబు సుంకం గుంజుకొనుచు, ఆలయాన్ని మాత్రం పట్టించుకొనకపోవడం వారిని నొప్పించినది. తాము కొలిచే కుంపిణీ ప్రభుత్వంపై గౌరవమున్నను, ప్రయాగ, గయలలో కుంపిణీవారు కూడా యాత్రికులపై పన్ను వేసే సంగతిని మరుగుపరచలేదు. ఆ పన్నులు 1840లో గాని రద్దు కాలేదు. సీమ సీమకూ మారే ఆచారాలను, కట్టుబాట్లను, భాషలను పోల్చి చూచి, తన ఊరి ఆచారమే లోకాచారం కాదని గ్రహించినారు. పాఠకులకు కూడా ఆ గ్రహింపు కలిగించినారు. వారి రచన గ్రాంథికపు కట్టుబాటులో లేదు. ఉర్దూ, అరవం, ఇంగ్లీషు పదాలు కలిసిన వాడుక తెలుగులో, కచేరీలో మాట్లాడినట్లే సాగినది.

వారు ఇల్లు చేరిన తరువాత రెండేళ్లు నిండకముందే, 1832-33లో, గుంటూరు సీమను ఘోరక్షామం పీడించినది. లక్షకు పైగా జనం నశించినారు. కృష్ణ దాటి వారు సాగివచ్చిన సీమలో అనేక గ్రామాలు పాడుపడినవి. ఆ ఉత్పాతానికి ముందటి తెలుగుదేశం ఎట్లుండెనో చెప్పే సాక్ష్యంగా వారి వ్రాతలు నిలిచినవి. ఒక యాత్రికుడు ఓపికతో వ్రాసిపెట్టిన దినచర్యకు కాలం ఇచ్చిన విలువ ఇది.

1836లో వీరాస్వామయ్యగారు పరమపదించినారు. తమ గ్రంథాన్ని అచ్చులో చూచే భాగ్యం వారికి కలుగలేదు. మిత్రుని కష్టం వృథా పోరాదని తలచిన శ్రీనివాస పిళ్లెగారు 1838లో కాశీయాత్ర చరిత్రను ముద్రింపించినారు. శతాబ్దం గడచిన పిదప, 1941లో, దిగవల్లి వేంకట శివరావుగారు దానిని పరిష్కరించి మరల వెలువరించినారు.

యాత్రాఫలం యాత్రికునికే చెందునని పెద్దల నమ్మకం. వీరాస్వామయ్యగారు ఆ ఫలాన్ని తమకొరకే దాచుకొనలేదు. ప్రతి మజిలీలోనూ, అలసిన దేహంతో, వెనుక వచ్చేవారికోసం కలం పట్టినారు. నేడు వాహనమెక్కి విహారానికి పోయే విద్యార్థి కనీసం ఒక పుటైనా వ్రాసుకొని ఇల్లు చేరితే, ఆ మహనీయునికి అదే తగిన నివాళి.