ఆ సంచి మీది రెండక్షరాల ఎనుక ఒక పల్లె పోరడు

అంగడిల, బస్టాండు కాడ, పట్నంల ఫుట్‌పాతు మీద ఒక సంచి కనవడ్తది. గోధుమ రంగు మీద ఎల్, వీ అనే రెండక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటయి, నడుమ నడుమ పువ్వులు. బేరం చేస్తే రెండు మూడు వందలకు ఇస్తడు. అసలుదైతే లక్ష దాటుతది. దాన్ని భుజానికేసుకున్నోళ్లల్ల శానామందికి అది ఒక మనిషి పేరని తెల్వది. ఆ మనిషి లూయీ విట్టన్. మనలెక్కనే పల్లెల పుట్టినోడు.

1821 ఆగస్టు 4 నాడు ఫ్రాన్స్ తూర్పు దిక్కున, జూరా కొండల్ల ఆంషే అనే చిన్న ఊర్ల పుట్టిండు. నాయిన ఎవుసం చేసేటోడు, అమ్మ టోపీలు కుట్టేది. పదేండ్లప్పుడే అమ్మ కాలం చేసింది. నాయిన మళ్ల పెండ్లి చేసుకున్నడు. ఆ ఇంట్ల పోరనికి ఊపిరాడలే. 13 ఏండ్ల వయసుల, 1835ల, ఇల్లిడిసి పారిస్ తొవ్వ పట్టిండు. 470 కిలోమీటర్ల దాక ఉంటది. ఆదిలాబాద్ నుంచి హైదరాబాదుకు నడిచి, మళ్ల సగం దూరం ఎనుకకు నడిచినంత. దొరికిన పని చేసుకుంట, దొరికిన కాడ పండుకుంట పోయిండు. చేరేసరికి రెండేండ్లు పట్టింది.

1837ల పారిస్ల అడుగు పెట్టిండు. సరిగ్గ ఆ ఏడే పారిస్ నుంచి మొదటి ప్యాసింజర్ రైలు నడిచింది. కాళ్లు అరిగేటట్టు నడిచొచ్చిన పోరని బతుకును ఆ రైలే మారుస్తదని అప్పుడు ఎవలకెరుక?

మారెషాల్ అనే పెట్టెల మేస్త్రి కాడ పనికి కుదిరిండు. ఆ రోజుల్ల పెట్టెలు చేసుడంటే ఉత్త వడ్రంగం కాదు. పైసలున్నోళ్లు ఊరికి పోవాలంటే ఈ పనోళ్లను ఇంటికి పిలిపించుకునేది. కొలతలు తీసుకొని పెట్టె చేసుడు, బట్టలను ముడత పడకుండ సర్దుడు, రెండూ ఈల్ల పనే. అప్పటి దొరసానుల గౌన్లు గుడారాలంత ఉండేటియి. వాటిని పెట్టెల పట్టించుడు అంత అల్కటి పని కాదు. లూయీ ఆ పనిని పదిహేడేండ్లు చేసిండు. 1853ల ఫ్రాన్స్ చక్రవర్తి మూడో నెపోలియన్‌ను పెండ్లాడిన యూజెనీ రాణి, తన సామాన్లు సర్దేతందుకు ఈయననే పెట్టుకుంది. పల్లె పోరడు రాజమహల్ గడప తొక్కిండు.

మరుసటేడు, 1854ల, పెండ్లి చేసుకున్నడు, సొంత దుకాణం పెట్టిండు. అసలు కథ ఈడనే ఉన్నది. అప్పటిదాక పెట్టె మూతలు బుర్రగ, వంపు తిరిగి ఉండేటియి. వాన పడ్తే నీళ్లు జారిపోవాలని అట్ల చేసేది. గుర్రపు బండి మీద అది నడిచింది. గని రైలొచ్చినంక, ఓడలు పెరిగినంక పెట్టె మీద పెట్టె పేర్చాలె. బుర్ర మూత మీద ఇంకో పెట్టె ఎట్ల నిలవడ్తది? 1858ల లూయీ మూతను చదును చేసిండు. పైన తోలు తీసేసి నీళ్లు దిగని బూడిద రంగు క్యాన్వాస్ బట్ట అతికించిండు. తోలు బరువు, తడిస్తే బూజు పడ్తది, లోపలి బట్టలకు వాసన పడ్తది. బట్ట పెట్టె తేలిక. అంటే ఇయ్యాల తోలు సంచులకు పేరువడ్డ కంపెనీ, తోలును పక్కకు పెట్టి పేరు తెచ్చుకున్నది!

గిరాకి పెరిగింది. 1859ల పారిస్ పక్కన ఆనియర్ల, సెన్ నది ఒడ్డున కార్ఖాన పెట్టిండు. కట్టె నది మీద వస్తది, సరుకు రైలుల పోతది. అంత మంచిగ నడుస్తుండంగ 1870ల జర్మనోళ్లతోని యుద్ధమొచ్చింది, పారిస్‌ను ముట్టడించిండ్రు. అంతా సల్లవడ్డంక పోయి సూస్తే కార్ఖాన లూటీ అయింది, పనిముట్లు లెవ్వు, పనోళ్లు చెల్లాచెదురైండ్రు. అప్పటికి ఆయనకు యాభై ఏండ్లు. తల వట్టుక కూసోలే. పారిస్ నడిబొడ్డున కొత్త దుకాణం తీసి మళ్ల మొదలువెట్టిండు.

దొంగల లొల్లి ఇంకోటి. బూడిద బట్టను అందరు కాపీ కొట్టిండ్రు. 1872ల చారల బట్ట తెచ్చిండు, దాన్నీ కాపీ కొట్టిండ్రు. 1888ల చదరంగం పలక లెక్క గళ్ల బట్ట తెచ్చి, దాని మీద పేరు కూడ అచ్చేసిండు. అదీ ఆగలే. 1892 ఫిబ్రవరి 27 నాడు, 70 ఏండ్ల వయసుల, ఆనియర్లనే కన్ను మూసిండు.

ఇయ్యాల లోకమంత గుర్తుపట్టే ఆ ఎల్, వీ అక్షరాల గుర్తు 1896ది. కొడుకు జార్జ్ నాయిన పేరు మీద గీయించిండు. అంటే ఆ గుర్తును లూయీ సూడనే లేదు. కాపీగాళ్లను ఆపుతందుకు చేసిన గుర్తే ఇప్పుడు లోకంల ఎక్కువ కాపీ అయ్యేటియాట్ల ఒకటైంది.

ఈ బతుకు సదివినప్పుడల్ల నాకు మన ఊర్లు యాదికొస్తయి. మోట బాయిల నీళ్లు తోడిన తోలు బొక్కెన, ఎడ్ల పట్టెడ, కాలి చెప్పు, డప్పు. ఇయ్యన్ని చేసిన చేతులు మన కాడ లెవ్వా? లందల తోలు ఊనుడు ఎంత కష్టమైన విద్య! గని ఆ సరుకును ఇంట్లకు తెచ్చుకున్నం, చేసినోన్ని గడప దాటనియ్యలే. ఆడ పెట్టెలు చేసినోనికి రాణి కాడ కొలువు దొరికింది, దుకాణం మీద పేరెక్కింది. ఈడ పని పేరే తిట్టయింది. లూయీ తెలివైనోడే, కష్టజీవే, కాదనం. గసొంటి తెలివి మన మాదిగ వాడల్ల కూడ ఉండె. దానికి తొవ్వ దొరకలే.

అందుకే తమ్ముండ్లూ, చెల్లెండ్లూ, డూప్లికేట్ సంచి కొనుక్కుంటరా, కొనుక్కోండ్రి, తప్పేం లేదు. గని మీ ఊర్ల ఇంక చెప్పులు కుట్టే తాత ఉంటే ఒక్కపారి పోయి పక్కన కూసోండ్రి. ఆయన పేరేందో, ఆ పని ఎవల కాడ నేర్చుకున్నడో అడుగుండ్రి. పారిస్ పెట్టెల మేస్త్రి కథ మనకు తెలిసినప్పుడు, మన ఊరి మేస్త్రి కథ కూడ తెల్వాలె గద.