పట్టికలోంచి పేరు పోయిన బారిష్టరు

మన బడిలో చదువుకుని నల్లకోటు వేసుకున్నవాళ్లు శ్రీకాకుళం, విజయనగరం కోర్టుల్లో తక్కువమందేమీ లేరు. స్వర్ణోత్సవ సంచికకు ఒక వకీలు జీవితం రాయాలనుకున్నప్పుడు నాకు గాంధీగారే గుర్తొచ్చారు. మహాత్ముడిగా ఆయనను ఎరగనివారు లేరు. వకీళ్ల పట్టికలోంచి పేరు కొట్టివేతకు గురైన బారిష్టరుగా మాత్రం చాలామందికి తెలియదు.

1888లో లండన్‌లోని ఇన్నర్ టెంపుల్‌లో చేరి, 1891 జూన్ 10న బారిష్టరయ్యారు. బొంబాయి స్మాల్ కాజెస్ కోర్టులో తొలి కేసు. క్రాస్ ఎగ్జామినేషన్‌కి లేచారు, నోరు పెగల్లేదు. తీసుకున్న 30 రూపాయల ఫీజు వదులుకుని, కేసు వేరేవారికి ఇచ్చుకోమని బయటకు వచ్చేశారు. కొత్తగా సన్నదు తీసుకున్న మన కుర్రాళ్లు ఈ సంగతి తెలుసుకుంటే కాస్త ధైర్యం వస్తుంది.

1893లో దక్షిణాఫ్రికా వెళ్లారు. డర్బన్ కోర్టులో తలపాగా తీయమంటే తీయకుండా లేచి వచ్చేశారు. మరుసటి ఏడాది నేటాల్ సుప్రీంకోర్టులో వకీలుగా చేరబోతే అక్కడి లా సొసైటీ అడ్డుచెప్పింది. కోర్టు ఆ అభ్యంతరాన్ని కొట్టేసి చేర్చుకుంది, కానీ కోర్టు మర్యాద ప్రకారం తలపాగా తీయమంది. ఈసారి తీశారు. స్నేహితులకు అది నచ్చలేదు. ఏ వృత్తిలో చేరామో దాని కట్టుబాటు పాటించాలన్నది ఆయన లెక్క.

ఆ నేటాల్ మనకు పరాయిది కాదు. శ్రీకాకుళం అప్పుడు గంజాం జిల్లాలో ఉండేది. గంజాం, విశాఖపట్నం జిల్లాల నుంచి ఎందరో తెలుగువాళ్లు ఒప్పందకూలీలుగా అక్కడి చెరకుతోటలకు వెళ్లారు. ఒప్పందం తీరినా అక్కడే ఉండిపోయినవాళ్ల మీద ఏడాదికి 3 పౌన్ల పన్ను వేశారు. ఆ పన్ను మీద గాంధీగారు ఏళ్ల తరబడి పోరాడారు.

ప్రాక్టీసులో ఆయన పట్టుదల చూడాలి. ఒక లెక్కల తగవులో మధ్యవర్తుల తీర్పు తన కక్షిదారుకే అనుకూలంగా వచ్చింది, కానీ అందులో చిన్న పొరపాటు దొర్లింది. చెప్పొద్దని సీనియరు వారించినా, గాంధీగారే కోర్టులో దాన్ని బయటపెట్టారు. జడ్జీలు మొదట మోసమేమోనని శంకించారు. చివరకు పొరపాటు దిద్ది తీర్పును నిలబెట్టారు. మరోసారి పార్సీ రుస్తుంజీ అనే వ్యాపారి సుంకం ఎగ్గొట్టి దొరికిపోతే, అంతా ఒప్పుకోమని సలహా ఇచ్చారు. రెట్టింపు సొమ్ము కట్టి ఆయన బయటపడ్డారు. ఆ సంగతంతా కాగితం మీద రాయించి, అద్దం కట్టించి, తన ఆఫీసు గోడకు తగిలించుకున్నారట.

ఇక ఇండియాలో. 1919లో రౌలట్ సత్యాగ్రహ ప్రమాణం చేసిన అహ్మదాబాదు వకీళ్ల మీద అక్కడి జిల్లా జడ్జి హైకోర్టుకు ఉత్తరం రాశారు. గాంధీగారు దాన్ని యంగ్ ఇండియాలో అచ్చువేశారు. కోర్టు ధిక్కారం కింద కేసు పెడితే క్షమాపణ చెప్పలేదు. 1920 మార్చిలో హైకోర్టు మందలించి వదిలిపెట్టింది.

1922 మార్చి 18న రాజద్రోహం కేసులో నేరం ఒప్పుకున్నారు. ఆరేళ్ల శిక్ష పడింది. శిక్ష పడ్డవాడు బారిష్టరుగా తగడని ఆ నవంబరు 10న ఇన్నర్ టెంపుల్ ఆయన పేరు కొట్టేసింది. అప్పటికి ఆయన ఎరవాడ జైల్లో ఉన్నారు. నిజం చెప్పాలంటే, వాళ్ల నియమం ప్రకారం వాళ్లు చేసింది తప్పని నేననలేను. కక్షిదారు డబ్బు మింగినవాడికీ, జైలుకు సిద్ధపడి మాట్లాడినవాడికీ ఆ నియమం తేడా చూడలేకపోయింది, అంతే. ఇవాళ మన 1961 అడ్వకేట్ల చట్టం 35వ సెక్షను కింద బార్ కౌన్సిల్ మందలించవచ్చు, కొంతకాలం ప్రాక్టీసు ఆపించవచ్చు, పట్టికలోంచి పేరే తీసేయవచ్చు. మూడింటిలో ఏది తగునో తేల్చడానికి ముందు తప్పు ఏ రకమో చూడాలి.

1924లో విడుదలైనా ఆయన మళ్లీ నల్లకోటు జోలికి పోలేదు. రాట్నం పట్టుకున్నారు, మన పొందూరు సన్న ఖద్దరును మెచ్చుకున్నారు. 1988లో, ఆయన పోయిన నలభై ఏళ్లకు, ఇన్నర్ టెంపుల్ ఆ పేరును తిరిగి తన పట్టికలో రాసుకుంది.