చెరువుల వెలుగు నవాబ్ అలీ నవాజ్ జంగ్

జూలై 11న తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం జరుపుకుంటాం. 2014 నుండి సాగుతున్న ఈ వేడుక నవాబ్ అలీ నవాజ్ జంగ్ బహదూర్ గారి పుట్టినరోజు. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల నుండి వచ్చి ఈ హాస్టల్లో చదువుకుంటున్న మనలో చాలామందిమి చెరువు కింది పొలం గింజలు తిని పెరిగినవాళ్లమే. అందుకే ఆయన జీవితం మనం తప్పక తెలుసుకోవాలి.

ఆయన అసలు పేరు మీర్ అహ్మద్ అలీ. 1877లో హైదరాబాద్‌లో జన్మించారు. తండ్రి నిజాం కొలువులో ఉద్యోగి. నిజాం కాలేజీలో చదువుతుండగా తెలివితేటలు చూసి ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇచ్చి ఇంగ్లండు పంపింది. అక్కడ కూపర్స్ హిల్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, 1899లో తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు. ఆయన మనలాగా పేదింటి బిడ్డ కాదు. కాని ప్రభుత్వ సొమ్ముతో చదివిన చదువును ఈ నేలకే తిరిగి ఇచ్చారు. స్కాలర్‌షిప్‌తో చదువుతున్న మనం గుర్తుంచుకోవలసిన మొదటి సంగతి ఇదే.

ఆయన ఉద్యోగంలో ఉండగానే 1908 సెప్టెంబర్ 28న మూసీ నది పొంగి హైదరాబాద్ నగరాన్ని ముంచేసింది. వేలాది మంది ప్రాణాలు పోయాయి. ఎందుకిలా జరిగిందో తేల్చడానికి మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు 1909లో వచ్చారు. నగరానికి ఎగువన మూసీ పరీవాహకంలో 788 చెరువులు ఉండగా వాటిలో 221 తెగిపోయినట్లు ఆయన పరిశీలనలో తేలింది. ఒక చిన్న కట్ట తెగితే ఆ నీరు కింది చెరువు మీద పడుతుంది, అదీ తెగుతుంది. అలా కుంటల నీళ్లన్నీ ఒక్కటై మహానగరం మీదికి వచ్చాయి. వరదను ఆపడానికి ఆయన సూచించిన రెండు జలాశయాల్లో ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో పూర్తయ్యాయి.

ఆ కాలంలోనే అలీ నవాజ్ జంగ్ గారు అంచెలంచెలుగా ఎదిగి చీఫ్ ఇంజనీరు అయ్యారు. ఆయన పేరు చిరస్థాయిగా నిలిపినది నిజాంసాగర్. 1923లో మొదలై 1931లో పూర్తయిన ఈ ప్రాజెక్టు మంజీర నదిపై, నేటి కామారెడ్డి జిల్లాలో ఉంది. రెండు లక్షల డెబ్భై అయిదు వేల ఎకరాలకు నీరివ్వాలన్నది లక్ష్యం. ఖమ్మం జిల్లాలోని వైరా, పాలేరు కూడా ఆయన కాలపు పనులే. తుంగభద్ర నీటి పంపకంపై మద్రాసు ప్రభుత్వంతో జరిగిన చర్చల్లో హైదరాబాద్ పక్షాన నిలిచి వాదించారు. 1938లో నెహ్రూ గారి అధ్యక్షతన ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘంలో నదులు, నీటిపారుదల ఉపసంఘానికి నాయకత్వం వహించారు.

ఆయన వేసిన బాటలోనే 1940ల దశకంలో మన సిరిసిల్ల ప్రాంతంలో నర్మాల వద్ద ఎగువ మానేరు ప్రాజెక్టు రూపుదిద్దుకుంది. 2025 ఆగస్టులో భారీ వర్షాలకు అది ఉప్పొంగింది. వాగు దగ్గర చిక్కుకున్న రైతులను హెలికాప్టర్లతో కాపాడవలసి వచ్చింది. అంతకుముందు 2016 సెప్టెంబర్‌లో, నిర్మాణంలో ఉన్న మధ్య మానేరు కట్టకు మాన్వాడ వద్ద గండి పడింది.

పెద్ద ప్రాజెక్టులకు ఇంజనీర్లు, గేట్లు, కాపలా ఉంటాయి. మరి సొంత భూముల్లో రైతులు, చేపల పెంపకందార్లు కట్టుకునే కుంటల సంగతేమిటి? 2021 నాటి ఆనకట్టల భద్రతా చట్టం 15 మీటర్లకు మించిన ఎత్తున్న కట్టలకు, కొన్ని షరతులతో 10 నుండి 15 మీటర్ల మధ్య ఉన్నవాటికి వర్తిస్తుంది. మన ఊరి కుంట అంత ఎత్తు ఉండదు. కుంట ఒకరిదే కావచ్చు, కట్ట తెగితే మునిగేది మాత్రం కిందనున్న వారందరి పొలాలు, ఇండ్లు.

మట్టికట్టకు రెండు గండాలు. ఒకటి, కట్ట మీది నుండి నీరు పొర్లడం. మత్తడి ఇరుకైనా, ఎక్కువ నీళ్ల కోసం దానిపై ఇసుక బస్తాలు పేర్చినా, చేపలు పోకుండా కట్టిన వలకు చెత్త అడ్డుపడినా ఇదే జరుగుతుంది. రెండోది, లోపలి నుండి ఊట. ఎలుక బొరియలు, ఎండిన చెట్ల వేళ్ల సందులు, తూము పక్కన వదులైన మట్టి గుండా నీరు దారి చేసుకుంటుంది. ఊట తేటగా వస్తే గమనిస్తూ ఉండాలి. బురదగా వస్తే కట్ట లోపల మట్టి కొట్టుకుపోతున్నట్లే. వెంటనే కింది వాళ్లను తప్పించి అధికారులకు చెప్పాలి.

ఇవన్నీ పూర్వం చూసుకున్నది నీరడి. తూము తీయడం, మడులకు నీళ్లు పంచడం, వాన రాత్రుల్లో కట్టమీద తిరగడం అతని పని. చాలా ఊళ్లలో ఆ పని దళిత కుటుంబాలదే. నవాబు గారి పేరు చరిత్రలో నిలిచింది, నీరడి పేరు ఎక్కడా రాయలేదు. కాని ఒకరు గీసిన గీతను ఇంకొకరు కాపాడితేనే చెరువు నిలిచింది. వెట్టి పోవలసిందే, పోయింది. దాంతోపాటు కట్ట మీద కన్ను కూడా పోవడమే నష్టం.

అలీ నవాజ్ జంగ్ గారు 1949 డిసెంబర్ 6న కన్నుమూశారు. ఏడేళ్ల తర్వాత అదే తేదీన మన బాబాసాహెబ్ అంబేద్కర్ గారు కన్నుమూశారు. వైస్రాయ్ మండలిలో సభ్యునిగా ఉన్నప్పుడు దామోదర్ లోయ పథకానికి పునాది వేసిన వారిలో అంబేద్కర్ గారూ ఒకరు. ఇద్దరూ నీటిని ప్రజల బతుకుగా చూసినవారే.

మిత్రులారా! మనలో కొందరం రేపు ఇంజనీర్లం అవుతాం, కొందరం సర్పంచులం, టీచర్లం, రైతులం అవుతాం. ఏమైనా సరే, వానాకాలానికి ముందు మన ఊరి కుంటకట్ట మీద ఒకసారి నడుద్దాం. మత్తడి చూద్దాం, తూము చూద్దాం, బొరియలు పూడ్పిద్దాం. కుంట ఎవరి సొంతమైనా దాని కింది బతుకులు మనవి. ఆ మహనీయునికి మనం ఇవ్వగలిగే నిజమైన నివాళి ఇదే.