శుక్లం తీస్తారు.. రెటీనాను మార్చలేరు!

మీ ఇంట్లో పెద్దవాళ్లకు షుగర్ ఉందా? శుక్లాల ఆపరేషన్ చేయించే ఆలోచనలో ఉన్నారా? అయితే డాక్టర్ పి.శివారెడ్డి గురించి ఒకసారి తెలుసుకోండి. ఆయన 1920లో కర్నూలు జిల్లాలో పుట్టారు. అప్పట్లో మార్కాపురం, గిద్దలూరు కూడా ఆ జిల్లాలోనివే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడ్డాకే అవి ఇటు కలిశాయి.

ఆ రోజుల్లో పల్లెల్లో చూపు మందగిస్తే వయసు మీద పడిందని సరిపెట్టుకునేవారు. పట్నం పోయి ఆపరేషన్ చేయించుకునే స్తోమత కొందరికే ఉండేది. అందుకే శివారెడ్డి ఆపరేషన్‌నే ఊళ్లకు తీసుకెళ్లారు. 500కు పైగా నేత్ర శిబిరాలు నిర్వహించారు. హైదరాబాద్ సరోజినీదేవి కంటి ఆసుపత్రికి సూపరింటెండెంట్‌గా పనిచేస్తూ, 1964లో అక్కడ ఐ బ్యాంకు నెలకొల్పారు. 1971లో పద్మశ్రీ, 1977లో పద్మభూషణ్ అందుకున్నారు. 2005లో కన్నుమూశారు.

ఆయన జీవితంలోంచి మీరు గమనించాల్సింది ఒకటుంది. కంటిలో మసకబారిన లెన్సును శిబిరాల్లో తీసేసేవారు. దాని బదులు సోడాబుడ్డి అద్దాలు ఇచ్చేవారు. ఇప్పుడైతే లోపలే కృత్రిమ లెన్సు అమరుస్తున్నారు. కార్నియా పాడైతే ఐ బ్యాంకు నుంచి వచ్చిన కార్నియా అమర్చవచ్చు. కానీ వెనకుండే రెటీనాను ఏ బ్యాంకూ ఇవ్వలేదు. మార్కాపురం పలక పగిలితే ఎంత మంచి బలపం తెచ్చినా అక్షరం కుదురుగా రాదు కదా! రెటీనా కూడా అంతే. షుగర్ దెబ్బతీసేది ముఖ్యంగా దాన్నే.

కాబట్టి ఆపరేషన్‌కు ముందే రెటీనా పరీక్ష చేయించండి. శుక్లం బాగా ముదిరి లోపల కనిపించకపోతే స్కాన్ చేస్తారు. హెచ్‌బీఏ1సీ చూపించుకోండి. ఆపరేషన్ దగ్గర పడిందని సొంతంగా మాత్రలు పెంచి షుగర్‌ను ఒక్కసారిగా దించొద్దు.

వెనకటి శిబిరాల్లో కంటికి కట్టు కట్టి, రోగిని కొన్ని రోజులు అక్కడే పడుకోబెట్టి చూసుకునేవారు. ఇప్పుడు సాధారణంగా అదే రోజు ఇంటికి పంపేస్తున్నారు. అంటే ఆ కాపలా పని మీదే. చేతులు సబ్బుతో కడుక్కున్నాకే చుక్కల మందు వేయండి. కన్ను బాగుందనిపించినా మధ్యలో ఆపొద్దు, గడువు దాటాక కొనసాగించొద్దు. కన్ను నలపనివ్వొద్దు. డాక్టర్ చెప్పేదాకా కంట్లో నీళ్లు పడకుండా చూడండి. తేనె, ఆకు పసర్లు అసలే వద్దు. నొప్పి, ఎరుపు, చీము కనిపించినా, చూపు తగ్గినా తెల్లారేదాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

మరో చిక్కు ఉంది. షుగర్ ఉన్నవాళ్లకు ఆపరేషన్ అయిన కొన్ని వారాలకు రెటీనా మధ్యభాగం ఉబ్బే ప్రమాదం ఎక్కువ. నొప్పి ఉండదు, మసక మాత్రమే వస్తుంది. త్వరగా గుర్తిస్తే చుక్కల మందులు, అవసరమైతే ఇంజెక్షన్లతో చాలావరకు అదుపు చేయవచ్చు. అందుకే బాగానే కనిపిస్తోంది కదా, మళ్లీ ఒంగోలుకో కర్నూలుకో పోవడమెందుకని నెల తర్వాతి పరీక్ష మానేయొద్దు. ఆపై ఏటా ఒకసారి రెటీనా చూపించండి.

శివారెడ్డి కాలంలో డాక్టరే మన ఊరికి వచ్చారు. ఇప్పుడు పరీక్ష రోజు తప్పకుండా పెద్దవాళ్లను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సింది మీరే.