మేరీ లాయిడ్: రాజు గారి షోకి పిలుపు రాలేదు.. అంతిమయాత్రకు మాత్రం లండన్ కదిలొచ్చింది!

సినిమా, రేడియో ఇంకా రాజ్యమేలని రోజులవి. సాయంత్రమైతే చాలు.. లండన్‌లో కూలీలు, ఫ్యాక్టరీ కార్మికులు, షాపుల్లో పనిచేసే అమ్మాయిలు మ్యూజిక్ హాల్ బాట పట్టేవాళ్లు. పాట, డ్యాన్స్, కామెడీ, గారడీ.. అన్నీ ఒకే టికెట్‌పై. అలాంటి స్టేజ్‌లను మూడు దశాబ్దాలకు పైగా ఏలిన క్వీన్ మేరీ లాయిడ్.

ఆమె అసలు పేరు మటిల్డా వుడ్. 1870 ఫిబ్రవరి 12న లండన్‌లోని హోక్స్‌టన్ అనే పేదల పేటలో పుట్టారు. పెద్ద కుటుంబం.. ఇంటికి పెద్ద కూతురు ఆమే. తండ్రి కృత్రిమ పూలు తయారు చేసేవారు. ఈగిల్ అనే చోట వెయిటర్‌గానూ పనిచేసేవారు. 1885లో, 15 ఏళ్ల వయసులో మటిల్డా అక్కడే తొలిసారి స్టేజ్ ఎక్కారు. తర్వాత మేరీ లాయిడ్‌గా పేరు మార్చుకున్నారు. లాయిడ్ అనేది అప్పట్లో జనం ఎగబడి కొనే ఓ వారపత్రిక పేరులోనిది.

కన్ను గీటితే చాలు..

ఆమె పాటల్లో మాటలు చూస్తే తప్పు పట్టడానికేమీ ఉండదు. కానీ పాడుతూ పాడుతూ ఓ కన్ను గీటితే, ఓ చిరునవ్వు విసిరితే అర్థమే మారిపోయేది. హాలంతా గొల్లుమనేది. నీతి కాపాడతామంటూ బయల్దేరిన వాళ్లకు మాత్రం ఇది అస్సలు నచ్చలేదు. అయినా ఆమె క్రేజ్ తగ్గలేదు. 1891 నుంచి 1893 వరకు డ్రూరీ లేన్ థియేటర్‌లో కామెడీ స్టార్ డాన్ లీనోతో కలిసి నటించారు.

సమ్మెలో ముందు వరుస

1907లో లండన్ మ్యూజిక్ హాల్ ఆర్టిస్టులు సమ్మెకు దిగారు. కారణం ఏంటంటే.. యజమానులు అదనపు షోలు చేయమన్నారు, జీతం మాత్రం పెంచలేదు. మేరీకి ఇందులో పోయేదేమీ లేదు. అప్పటికే భారీ పారితోషికం తీసుకునే స్టార్ ఆమె. అయినా చిన్న ఆర్టిస్టుల పక్షాన హాళ్ల ముందు నిలబడ్డారు, సమ్మె నిధికి డబ్బులిచ్చారు. ఆ సమ్మెతో ఆర్టిస్టుల జీతాలు, పని పరిస్థితులు మెరుగుపడ్డాయి.

1912లో కింగ్ జార్జ్-5 ముందు మ్యూజిక్ హాల్ తారలతో ప్యాలెస్ థియేటర్‌లో స్పెషల్ షో జరిగింది. అంత పెద్ద స్టార్ అయిన మేరీకి అందులో చోటే దక్కలేదు.

మరుసటి ఏడాది ఇంకో షాక్. గుర్రపు పందేల జాకీ బెర్నార్డ్ డిల్లన్‌తో కలిసి భార్యాభర్తలమని చెప్పి అమెరికా వెళ్లారు. నిజానికి వాళ్లకింకా పెళ్లి కాలేదు. దాంతో అధికారులు ఎలిస్ ఐలాండ్‌లో ఆపేశారు. చివరకు పూచీకత్తు కట్టించుకుని, వేర్వేరుగా ఉండాలన్న షరతుతో వదిలారు. 1914లో ఇద్దరూ పెళ్లి చేసుకున్నారు. అది ఆమెకు మూడో పెళ్లి. కానీ డిల్లన్ తాగొచ్చి కొట్టేవాడు. 1920లో ఆమె అతడికి దూరమయ్యారు.

నటన అనుకున్నారు.. కానీ!

ఆరోగ్యం దెబ్బతిన్నా మేరీ షోలు ఆపలేదు. 1922 అక్టోబర్ 4న ఎడ్మంటన్‌లోని ఎంపైర్ హాల్‌లో తాగిన మహిళ పాత్రలో పాట పాడుతున్నారు. ఒంట్లో బాగోలేక తూలారు, కింద పడ్డారు. జనం మాత్రం అదీ నటనే అనుకుని పగలబడి నవ్వారు. మూడు రోజులకే, అక్టోబర్ 7న, గోల్డర్స్ గ్రీన్‌లోని ఇంట్లో కన్నుమూశారు. వయసు 52 ఏళ్లే.

అక్టోబర్ 12న హాంప్‌స్టెడ్‌లో అంత్యక్రియలు. 50 వేల మందికి పైగా వచ్చారని చెబుతారు. ప్రముఖ కవి టి.ఎస్. ఎలియట్ ఆమె మరణంపై ప్రత్యేకంగా వ్యాసం రాశారు. రాజు గారి షోలో ఆమెకు చోటు దొరకలేదు. ఆ రోజు వీధుల్లో నిలబడ్డ మామూలు జనానికి మాత్రం.. పోయింది తమ ఇంటి మనిషే.