రామబాణాన్వేషి పాల్ ఎర్లిక్

తిరుగులేని ఔషధాన్ని రామబాణమనడం తెలుగువారి వాడుక. గురి తప్పక శత్రువునే తాకి, దేహానికి హాని చేయని అటువంటి అస్త్రాన్ని వైద్యశాస్త్రంలో నిర్మించాలని జీవితమంతా తపించిన జర్మన్ శాస్త్రవేత్త పాల్ ఎర్లిక్. ఆయన 1854 మార్చి 14న, నేడు పోలండ్‌లో ఉన్న స్ట్రేలెన్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు.

విద్యార్థి దశలోనే రంగులు ఆయనను ఆకర్షించాయి. బట్టలకు అద్దే కృత్రిమ వర్ణాలను జీవకణాలపై ప్రయోగించి సూక్ష్మదర్శినిలో చూస్తే, ఒక్కొక్క రంగు కొన్ని కణాలకే అంటి తక్కినవాటిని విడిచిపెట్టేది. ఎర్లిక్ మనస్సు అక్కడ లగ్నమైంది. సూక్ష్మజీవిని మాత్రమే పట్టుకొనే రంగు ఉన్నప్పుడు, దానిని మాత్రమే చంపే విషం ఎందుకుండకూడదు?

అయితే ఆయనకు ముందుగా కీర్తి తెచ్చినది విషం కాదు, ప్రతివిషం. కంఠసర్పి అనబడే డిఫ్తీరియా పసిబిడ్డలను బలిగొంటున్న రోజులవి. గుర్రాల రక్తం నుండి తీసిన ప్రతివిషం ఉన్నా, దాని బలం ఒక్కొక్క సీసాలో ఒక్కొక్క విధంగా ఉండేది. ఆ బలాన్ని కొలిచే ప్రమాణాన్ని ఎర్లిక్ ఏర్పరచాడు. రోగనిరోధక శక్తిపై చేసిన కృషికి 1908లో మెచ్నికోవ్‌తో కలిసి నోబెల్ బహుమతి అందుకొన్నాడు.

ఫ్రాంక్‌ఫర్ట్ ప్రయోగశాలలో ఆర్సెనిక్‌తో, అనగా మన పెద్దలు పాషాణమని భయపడే విషంతోనే, వందలకొద్దీ సమ్మేళనాలు తయారయ్యాయి. వాటిలో 606వ సంఖ్య గలదానిని ఒక సహాయకుడు నిష్ప్రయోజనమని తోసిపుచ్చాడు. 1909లో జపాన్ నుండి వచ్చిన సహాచిరో హాటా దానిని తిరిగి పరీక్షించగా, సిఫిలిస్ సోకిన కుందేళ్లు కోలుకొన్నాయి. ఎర్లిక్ తొందరపడలేదు. అమ్మకానికి ముందే వేలాది మోతాదులను వైద్యులకు ఉచితంగా పంపి, ఫలితాలను తెలియజేయమన్నాడు. 1910లో అది సాల్వర్సాన్ పేరుతో వెలువడింది. కొందరికి మందు వికటించింది, మరణాలూ సంభవించాయి. నిందలు చుట్టుముట్టాయి. ఆయన 1912లో సులభంగా కరిగే మరొక రూపాన్ని అందించాడు. రసాయన చికిత్స అనే భావనకు పేరు పెట్టినవాడు ఆయనే.

క్యాన్సర్‌నూ ఆయన విడిచిపెట్టలేదు. దుర్బలమైన కణితిని ముందుగా ఎక్కించిన ఎలుకలు తరువాత తీవ్రమైన కణితిని ఎదుర్కోగలిగాయి. దేహరక్షణ లేకుంటే క్యాన్సర్లు మరెంతో ఎక్కువగా కనిపించేవని 1909లో ప్రతిపాదించాడు. 1915 ఆగస్టు 20న మరణించే నాటికి ఈ రెండు మార్గాలూ కలువలేదు.

కలిపి చూచే ప్రయత్నం ఆయన తదనంతరం చాలా కాలానికి జరిగింది. ముదిరిన ప్రోస్టేట్ గ్రంథి క్యాన్సర్‌లో డోసిటాక్సెల్ అనే రసాయన ఔషధం ఆయుష్షును పెంచుతుందని 2004లో రుజువైంది. రోగి స్వంత రక్షణకణాలతో చేసే చికిత్సకు 2010లో అమెరికా అనుమతినిచ్చింది. డోసిటాక్సెల్‌కు నిరోధక శక్తిని మేల్కొలిపే పెంబ్రోలిజుమాబ్‌ను జతచేసి, వెయ్యిమందికి పైగా రోగులపై పరీక్షించారు. ఆ జోడింపు ఆయుష్షును పెంచలేదని 2022లో తేలింది. ప్రోస్టేట్ కణితులలోకి రక్షణకణాలు అంతగా ప్రవేశించకపోవడం అందుకు ఒక కారణమని వైద్యులు భావిస్తున్నారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో మాత్రం పెంబ్రోలిజుమాబ్, రసాయన ఔషధాల కలయిక రోగుల ఆయుష్షును పెంచినట్లు 2018లోనే వెల్లడైంది.