మూడోసారి పాసైన సుబ్బారావు

సప్లీలు రాసి రాసి విసుగొచ్చిందా? పెనుబల్లిలో బస్సెక్కి ఖమ్మం కోచింగ్‌కి వెళ్తూ, ఈ డిగ్రీకి ఉద్యోగం ఎవరిస్తారులే అనుకుంటున్నారా? అయితే యల్లాప్రగడ సుబ్బారావు గురించి చదవండి.

ఆయన 1895లో భీమవరంలో పుట్టారు. మెట్రిక్ రెండుసార్లు తప్పి, మూడోసారి గట్టెక్కారు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టడం ఆంగ్లేయ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. ఎంబీబీఎస్ రావాల్సిన చేతికి అంతకన్నా తక్కువదైన ఎల్‌ఎంఎస్ వచ్చింది. సర్కారు వైద్య ఉద్యోగం దొరకలేదు. ఆయుర్వేద కాలేజీలో అనాటమీ పాఠాలు చెప్పుకున్నారు.

1922లో బోస్టన్ చేరారు. పగలు చదువు, రాత్రి ఆస్పత్రిలో పోర్టర్ పని. మీరు బయోకెమిస్ట్రీ విద్యార్థులైతే ఫాస్ఫరస్‌ను కొలిచే ఫిస్క్-సుబ్బారావు పద్ధతి వినే ఉంటారు. అది 1925 నాటిది. అంత చేసినా హార్వర్డ్‌లో పర్మనెంట్ పోస్టు ఇవ్వలేదు. 1940లో లెడర్లీ అనే మందుల కంపెనీలో చేరారు.

అసలు పని అక్కడే జరిగింది. ఆయన పర్యవేక్షణలో, డెబ్బై దాటిన బెంజమిన్ డగ్గర్ మట్టిలోని సూక్ష్మజీవి నుంచి ఆరియోమైసిన్ తీశారు. టెట్రాసైక్లిన్ మందుల్లో మొదటిది అదే. 1948లో బయటికొచ్చింది. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. 1994లో సూరత్‌లో ఊపిరితిత్తుల ప్లేగు భయం పుట్టినప్పుడు జనం వెతుక్కున్నది టెట్రాసైక్లిన్ గోలీలనే. దగ్గు తుంపర్లతో గాలిలో వచ్చే బ్యాక్టీరియా జబ్బు అది.

అయితే యాంటీబయాటిక్‌ని ఎడాపెడా వాడితే బ్యాక్టీరియా దానికి లొంగకుండా తయారవుతుంది. అందుకే శాస్త్రవేత్తలిప్పుడు బ్యాక్టీరియా లోపలికొచ్చే గుమ్మం దగ్గరే కాపలా పెట్టాలని చూస్తున్నారు. ముక్కులో వేసే టీకా ముక్కు, గొంతు లోపలి పొరల్లోనే రోగనిరోధక శక్తిని పెంచుతుంది. కోరింత దగ్గు బ్యాక్టీరియాపై అలాంటి టీకా మనుషులపై పరీక్షల దాకా వచ్చింది. హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్ కోవిడ్ వైరస్‌పై ముక్కు టీకాను 2023లోనే విడుదల చేసింది.

అంటే ఈ రంగం మీకు దూరమేమీ కాదు. మైక్రోబయాలజీ, బయోటెక్, బీఫార్మసీ ఏది చదివినా టీకా కంపెనీల్లో క్వాలిటీ కంట్రోల్, తయారీ, క్లినికల్ ట్రయల్స్ విభాగాలున్నాయి. ఇంటర్వ్యూలో మార్కులు తగ్గాయేమని అడిగితే తల దించుకోకండి. ల్యాబ్‌లో మీ చేత్తో చేసిన ఒక్క ప్రయోగాన్ని మొదటి నుంచి చివరిదాకా చెప్పగలిగేలా ఇవాళే సిద్ధం కండి. సుబ్బారావుకీ పేరు తెచ్చింది డిగ్రీ కాదు, ల్యాబ్‌లో చేసిన పనే.